గ్రూపు మార్చుకోవాలా, బొమ్మ గీసే పద్ధతి మార్చుకోవాలా?

ఇంటర్ మొదటి సంవత్సరం ఎంపీసీ చదువుతున్న ఒక అమ్మాయి పెద్ద ఉత్తరం రాసింది. తన పేరు, కాలేజీ పేరు వేయొద్దని కోరింది. ఖమ్మం జిల్లాలోని ఒక మండల కేంద్రంలో పదో తరగతి దాకా తెలుగు మీడియంలో చదివి, ఈ జూన్‌లో హైదరాబాద్‌లో ఒక రెసిడెన్షియల్ కాలేజీలో చేరింది. నాన్న ఆర్టీసీ డ్రైవర్. అమ్మ ఇంట్లోనే మిషన్ కుడుతుంది. ఫీజు మొదటి విడత అప్పు తెచ్చి కట్టారట.

జూలై దాకా బాగానే ఉందంది. వెక్టర్లు వచ్చాయి, కైనమాటిక్స్ ఫార్ములాలు వచ్చాయి. ‘లాస్ ఆఫ్ మోషన్’ (న్యూటన్ చలన సూత్రాలు) మొదలయ్యాక వీకెండ్ టెస్టుల్లో ఫిజిక్స్ మార్కులు పడిపోయాయి. నెల తిరక్కుండానే కింది సెక్షన్‌కి మార్చారు. లెక్చరర్ బోర్డు మీద ఫ్రీ బాడీ డయాగ్రమ్ (ఒక వస్తువు మీద పడే బలాలన్నిటినీ బాణాలుగా చూపే బొమ్మ) గీస్తుంటే అంతా అర్థమైనట్టే ఉంటుంది. స్టడీ అవర్లో తనొక్కతే కూర్చుంటే ఎన్ని బాణాలు వేయాలో, ఎటు వేయాలో తెలియదు. తన తప్పులు తనే ఇలా రాసింది:

“బంతిని పైకి విసిరితే, అది పైకి వెళ్తున్నప్పుడు పైకి ఒక బాణం, కిందికి ఒక బాణం వేశాను. పైకి వేసింది తప్పన్నారు. బలం లేకుండా పైకి ఎలా వెళ్తుంది సార్? నార్మల్ రియాక్షన్ (తలం వస్తువుని తోసే బలం) అంటే ఎంజీయే (వస్తువు బరువే) అనుకుని అన్నిచోట్లా అదే వేస్తున్నాను. కొన్ని లెక్కలు కుదురుతున్నాయి, కొన్ని కుదరడం లేదు. రెండు బ్లాకులు ఆనించి పెట్టి మొదటిదాన్ని 20 న్యూటన్లతో తోస్తే రెండోదాని మీద కూడా 20 వేశాను, అదీ తప్పే. యాక్షన్, రియాక్షన్ సమానంగా, ఎదురెదురుగా ఉంటే ఇక ఏ వస్తువైనా ఎలా కదులుతుంది?”

రాత్రుళ్లు నిద్ర పట్టడం లేదని, ఒక్కోసారి బాత్రూమ్‌లోకి వెళ్లి ఏడుస్తున్నానని రాసింది. లెక్కల సబ్జెక్టు బాగానే వస్తోందట. తెలుగు మీడియం నుంచి రావడం వల్ల వెనకబడ్డానేమో అనీ రాసింది. రూమ్మేట్ బైపీసీకి మారిపొమ్మంటోంది. సెక్షన్ మారిన సంగతి ఇంట్లో ఇంకా చెప్పలేదు. “నా బుర్రకి ఫిజిక్స్ ఎక్కదా? గ్రూపు మార్చుకోనా? నాన్నకి ఏం చెప్పను?” అన్నది తన ప్రశ్న.

అమ్మా,

ఏ లెక్కలో ఏ బాణం ఎటు వేశావో, ఎందుకు వేశావో గుర్తుపెట్టుకుని రాశావు. “కుదరడం లేదు” అని ఊరుకోకుండా ఎక్కడ కుదరడం లేదో పట్టుకున్నావు. ఇంత చేయగలిగిన పిల్లకి ఫిజిక్స్ ఎక్కదంటే నేను ఒప్పుకోను. గ్రూపు సంగతి తప్పకుండా మాట్లాడుకుందాం. అయితే నీ ఇబ్బంది ఎంత పెద్దదో తేలితేనే ఆ మాట తేలుతుంది, అందుకని ముందు బాణాల దగ్గరికే వస్తాను.

బంతి లెక్కలో నువ్వు చేసిన తప్పు నీ ఒక్కదానిదే కాదు. కదిలే వస్తువుని ఏదో ఒకటి కదిలిస్తూనే ఉండాలని అరిస్టాటిల్ అనుకున్నాడు. విసిరిన రాయిలోకి చేయి ఒక ‘ఊపు’ని ఎక్కిస్తుందని, రాయిని అదే మోసుకుపోతుందని 14వ శతాబ్దంలో పారిస్‌లో బురిడాన్ అనే పండితుడు చెప్పాడు. న్యూటన్ తన మూడు సూత్రాలను అచ్చువేసింది 1687లో. అంటే నువ్వు వేసిన పైబాణం దాదాపు 2000 ఏళ్లు గొప్పగొప్పవాళ్ల బుర్రల్లో ఉన్నదే. 1982లో జాన్ క్లెమెంట్ అనే ఆయన అమెరికాలో ఇంజినీరింగ్ విద్యార్థులకు దాదాపు ఇదే ప్రశ్న ఇచ్చాడు. నాణెం ఎగరేశాం, అది ఇంకా పైకి వెళ్తోంది, దాని మీద ఉన్న బలాలు గీయండి అన్నాడు. ఎక్కువమంది నీలాగే పైకి ఒక బాణం వేశారు. మెకానిక్స్ కోర్సు పూర్తిచేసినవాళ్లలో కూడా చాలామంది అదే వేశారు. కాబట్టి దీన్ని నీ తెలివికి కొలతగా తీసుకోవద్దు. రోజూ మనం చూసే ప్రపంచంలో తోయడం ఆపితే బండి ఆగిపోతుంది. దాంతో కదలికకి బలం కావాలని మనసులో నాటుకుపోతుంది. బండిని ఆపేది ఘర్షణ అని గుర్తు రాదు.

ఇప్పుడు బంతి చుట్టూ చూడు. చేయి వదిలేసింది. దాన్ని ఇప్పుడు ఏం తాకుతోంది? గాలి ఒక్కటే, దాన్ని వదిలేయమని ప్రశ్నలోనే ఇచ్చారు. తాకకుండా దూరం నుంచి లాగేది ఏముంది? భూమి. అంతే. 200 గ్రాముల బంతి అయితే, జీ (భూమి లాగడం వల్ల వచ్చే త్వరణం) విలువ 10 అనుకుంటే, కిందికి 2 న్యూటన్ల బాణం ఒక్కటి. పైకి వెళ్తున్నప్పుడూ అదే, కిందికి వస్తున్నప్పుడూ అదే. అన్నిటికన్నా పైన ఒక క్షణం వేగం సున్నా అయినప్పుడూ అదే బాణం, అదే పొడవు. పైకి ఉన్నది వేగం. అది చేయి ఇచ్చి వదిలేసింది. భూమి దాన్ని సెకనుకి 10 చొప్పున తినేస్తూ ఉంటుంది. బలం చేసే పని వేగాన్ని మార్చడం. ఉన్న వేగం అలాగే ఉండటానికి ఏ బలమూ అక్కర్లేదు.

అందుకే ప్రతి బాణం పక్కనా ఎంజీ (బరువు), ఎన్ (నార్మల్), టీ (తాడు లాగుడు, అంటే టెన్షన్) అని రాసే ముందు ఆ బలం ఇస్తున్నదెవరో పేరు రాయి. ‘భూమి’, ‘టేబుల్’, ‘తాడు’, ‘పక్క బ్లాక్’ అని తెలుగులోనే రాయి. పేరు రాయలేకపోతే ఆ బాణం అక్కడ ఉండకూడదు. నువ్వు వేసిన పైబాణం పక్కన ‘చేయి’ అని రాయబోతే, చేయి ఇప్పుడు అక్కడ లేదని నీకే తడుతుంది.

బొమ్మ ఎలా గీయాలో కూడా చెప్తాను. మెటీరియల్లో ఇచ్చిన బొమ్మ మీదే బాణాలు వేయకు. వాలుతలం, పుల్లీ, తాడు, నేల అన్నీ ఉన్న ఆ బొమ్మలో ఏ బాణం ఎవరి మీదిదో కలిసిపోతుంది. రఫ్ బుక్‌లో పక్కన ఖాళీ జాగాలో నీకు కావలసిన వస్తువొక్కటే గీసుకో, చుట్టూ ఏమీ ఉండకూడదు. ముందు భూమి లాగే బాణం నిట్టనిలువుగా కిందికి వెయ్యి. వాలుతలం ఎంత వాలినా అది నిలువుగానే ఉంటుంది. తర్వాత వస్తువు అంచు చుట్టూ వేలు తిప్పుతూ ఎక్కడెక్కడ ఏం తగులుతోందో చూడు. నేలో గోడో తగిలితే, ఆ తలానికి లంబంగా వస్తువు వైపుకి ఒక తోపు ఉంటుంది. తలం గరుకైతే దాని వెంబడి ఘర్షణ ఉండొచ్చు. తాడు తగిలితే లాగుడే ఉంటుంది, తాడు ఎప్పుడూ తోయలేదు. వేలు చుట్టూ తిరిగొచ్చేసరికి నీ బాణాల లెక్క పూర్తవుతుంది. బోర్డు మీద మీ లెక్చరర్ అర నిమిషంలో గీసేస్తున్నది కూడా ఇదే. ఏళ్ల అలవాటు వల్ల ఆయన వేలు తిప్పడం మనసులోనే జరిగిపోతుంది, నీకు బాణాలు మాత్రమే కనిపిస్తాయి. చూస్తుంటే అర్థమై, చేస్తుంటే రాకపోవడానికి కారణం అదే.

యాక్షన్, రియాక్షన్ ప్రశ్న చాలా మంచి ప్రశ్న. రెండూ సమానమే, ఎదురెదురే. అయితే ఒకటి నీ మీద ఉంటుంది, రెండోది ఎదుటి వస్తువు మీద ఉంటుంది. పక్కింటివాళ్లు కట్టాల్సిన బాకీని మన ఇంటి లెక్కల పుస్తకంలో తీసేసుకోం కదా, ఇదీ అంతే. పుస్తకం టేబుల్ మీద ఉంది. భూమి పుస్తకాన్ని కిందికి లాగుతోంది. దీనికి జత పుస్తకం భూమిని పైకి లాగడం, అది భూమి బొమ్మలోకి వెళ్తుంది. టేబుల్ పుస్తకాన్ని పైకి తోస్తోంది. దీనికి జత పుస్తకం టేబుల్‌ని కిందికి తోయడం, అది టేబుల్ బొమ్మలోకి వెళ్తుంది. పుస్తకం బొమ్మలో మిగిలేవి భూమి లాగుడు, టేబుల్ తోపు. ఈ రెండూ ఒకదానికొకటి జత కావు. ఇక్కడ అవి సమానంగా ఉండటానికి కారణం పుస్తకం కదలకుండా ఉండటమే, మూడో సూత్రం కాదు.

నువ్వు అన్నిచోట్లా నార్మల్ రియాక్షన్ బదులు ఎంజీ వేస్తున్నది ఇక్కడి నుంచే వచ్చిందని నా అనుమానం. పుస్తకం టేబుల్ లెక్కలో అది ఎంజీకి సమానంగా వచ్చింది, నువ్వు దాన్ని ఫార్ములాగా పట్టుకున్నావు. నార్మల్‌కి ఫార్ములా లేదమ్మా. వస్తువు తలంలోకి దిగిపోకుండా ఎంత తోయాలో తలం అంతే తోస్తుంది. అది ఎంతో మిగతా బాణాలన్నీ వేశాక తేలుతుంది. ఒక లెక్క దగ్గరగా చూద్దాం. 10 కిలోల పెట్టె గరుకు నేల మీద జారుతోంది. దాన్ని తాడుతో 40 న్యూటన్లతో, నేలకి 30 డిగ్రీల ఏటవాలుగా పైకి లాగుతున్నాం. ఘర్షణ గుణకం 0.3. పెట్టె ఒక్కటే గీసుకో. భూమి 100 కిందికి. తాడు 40 ఏటవాలుగా, అందులో పైకి వచ్చే భాగం 20, ముందుకి వచ్చే భాగం సుమారు 34.6. ఇప్పుడు నేల ఎంత తోయాలి? తాడు ఇప్పటికే 20 మోస్తోంది, నేల మీద మిగిలింది 80. ఘర్షణ 0.3 సార్లు 80, అంటే 24. ముందుకి మిగిలేది 10.6, త్వరణం 1.06. నీ పద్ధతిలో నార్మల్ 100 వేస్తే ఘర్షణ 30 అవుతుంది, త్వరణం 0.46 దగ్గర వస్తుంది. ఇలాంటి ప్రశ్నలు తయారుచేసేవాళ్లు ఆ 0.46ని కూడా ఆప్షన్లలో పెడతారు. నువ్వు సంతోషంగా దాన్ని టిక్ చేసి బయటికి వస్తావు. కొన్ని లెక్కలు కుదిరి, కొన్ని కుదరకపోవడానికి కారణం ఇదే: నేల సమతలంగా ఉండి, నిలువుగా ఇంకే బలమూ లేకుండా, పైకీ కిందికీ త్వరణం లేకుండా ఉన్న లెక్కల్లో మాత్రమే నీ ఎంజీ సరిపోయింది.

లిఫ్ట్ లెక్క కూడా ఇంతే. 50 కిలోల మనిషి లిఫ్ట్‌లో తూకం మిషన్ మీద నిలబడ్డాడు. బాణాలు రెండే, భూమి కిందికి 500, మిషన్ పైకి ఎంతో. లిఫ్ట్ 2 త్వరణంతో పైకి పోతుంటే మిషన్ 600 తోయాలి, అప్పుడు అది 60 కిలోలు చూపిస్తుంది. అదే త్వరణంతో కిందికి పోతుంటే 400. పైకి వెళ్తున్నా ఒకే వేగంతో వెళ్తుంటే మాత్రం 500 మాత్రమే. వెళ్తున్న దిక్కు చూడకు, వేగం ఎటు మారుతోందో అది చూడు.

రెండు బ్లాకుల దగ్గర నీ చేయి తప్పింది వస్తువు హద్దు గీయకపోవడం వల్ల. 3 కిలోలది, 2 కిలోలది నున్నటి నేల మీద ఆనుకుని ఉన్నాయి అనుకో, చేయి 3 కిలోలదాన్ని 20తో తోస్తోంది. 2 కిలోల బ్లాక్ చుట్టూ వేలు తిప్పు. చేయి తగులుతోందా? లేదు. తగులుతున్నది పక్క బ్లాక్. అది ఎంత తోస్తోందో మనకింకా తెలియదు. కాబట్టి ముందు రెండింటినీ కలిపి ఒకే వస్తువుగా గీయి. 20 న్యూటన్లు, 5 కిలోలు, త్వరణం 4. తర్వాత 2 కిలోలదాన్ని విడిగా గీస్తే దానికి కావలసింది 8 న్యూటన్లు, అది పక్క బ్లాక్ ఇస్తోంది. సరిచూడాలంటే 3 కిలోలదాన్ని గీయి: చేయి 20 ముందుకి, చిన్న బ్లాక్ 8 వెనక్కి, మిగిలింది 12. దాన్ని 3తో భాగిస్తే మళ్లీ 4. హద్దు ఎక్కడ గీయాలన్నది నీ ఇష్టం, ఈ పాఠంలో నాకు అన్నిటికన్నా నచ్చే విషయం అదే. ఒకసారి గీశాక మాత్రం లోపలి తోపుల్ని బొమ్మలో వేయకూడదు. పుల్లీకి అటూ ఇటూ 3 కిలోలు, 2 కిలోలు వేలాడదీసిన లెక్కనీ ఇలాగే విడివిడిగా గీసి చూడు. తాడు టెన్షన్ 24 వస్తుంది. ఆ రెండు బరువులు 30, 20. టెన్షన్ వాటి మధ్యలో రావాలి. అలా రాకపోతే ఎక్కడో తప్పుందని ఆప్షన్లు చూడకముందే తెలిసిపోతుంది.

ఘర్షణ గురించి నువ్వు రాయలేదు కానీ, తర్వాతి వారం నిన్ను ఇబ్బందిపెట్టేది అదే. ‘ఘర్షణ ఎప్పుడూ కదలికకి ఎదురు’ అని బట్టీపట్టి ఉంటావు. మీ నాన్న నడిపే బస్సులో కింద 20 కిలోల పెట్టె పెట్టారనుకో. బస్సు 1 త్వరణంతో ముందుకి కదిలింది, పెట్టె జారకుండా బస్సుతోపాటే వచ్చింది. పెట్టెని ముందుకి నెట్టినదెవరు? తాడు లేదు, చేయి లేదు, తగులుతున్నది బస్సు నేల ఒక్కటే. ఘర్షణే ముందుకి నెట్టింది. ఎంత? 20 కిలోలు, త్వరణం 1, కాబట్టి 20 న్యూటన్లు. గుణకం 0.4 అయితే మ్యూఎన్ (గుణకం సార్లు నార్మల్) 80 అవుతుంది, కానీ అది పరిమితి మాత్రమే, జారకుండా ఉన్నంతసేపు ఘర్షణ అవసరమైనంతే ఇస్తుంది. బస్సు త్వరణం 4 దాటితే ఆ పరిమితి చాలదు, పెట్టె వెనక్కి జారుతుంది. ఘర్షణ ఆపేది తలాల మధ్య జారుడుని. వస్తువు రోడ్డు మీద ఎటు పోతోందన్నది దానికి పట్టదు. సడన్ బ్రేక్ వేస్తే నిలబడ్డవాళ్లు ముందుకి పడతారు కదా, వాళ్లని ముందుకి తోసిందెవరు అని అడిగి చూడు. ఎవరూ లేరు. నేల వాళ్ల పాదాలని వెనక్కి పట్టుకుంది, పై శరీరం మాత్రం పాత వేగంతోనే పోతోంది.

ఇంకో రెండు బాణాలు దొంగచాటుగా బొమ్మలోకి వస్తుంటాయి. ఒకటి ఎంఏ (ద్రవ్యరాశి సార్లు త్వరణం). అది బలం కాదు, బలాలన్నీ కూడితే వచ్చేది. సమీకరణంలో రెండో వైపుకి చెందింది. రెండోది సెంట్రిపెటల్ ఫోర్స్. తాడుకి రాయి కట్టి గుండ్రంగా తిప్పుతుంటే కేంద్రం వైపు లాగేది తాడే. తాడు బాణం వేశాక సెంట్రిపెటల్ అని ఇంకోటి వేస్తే ఒకే బలాన్ని రెండుసార్లు లెక్కపెట్టినట్టు. దీనికీ ‘ఎవరు?’ అన్న ప్రశ్న చాలు. వాలుతలం లెక్కల్లో సైన్, కాస్ తారుమారైతే కోణం సున్నా పెట్టి చూడు. వాలుతలం పడుకోబెడితే నార్మల్ పూర్తి ఎంజీ రావాలి, నిలబెడితే సున్నా రావాలి. అలా వచ్చేది కాస్.

తెలుగు మీడియం నుంచి రావడం వల్ల వెనకబడ్డానేమో అనుకుంటున్నావు. కొంత నిజమే, కానీ ఆ కొంత చాలా చిన్నది. ఈ చాప్టర్ ప్రశ్నల్లో బొమ్మని మార్చే మాటలు కొన్నే ఉంటాయి. ‘స్మూత్’ అంటే ఘర్షణ బాణం వేయొద్దని. ‘లైట్ స్ట్రింగ్’ అంటే తాడు పొడవునా ఒకే టెన్షన్ అని. ‘ఇనెక్స్‌టెన్సిబుల్’ అంటే తాడుకి రెండు చివర్లా ఉన్న వస్తువులకి ఒకే త్వరణం అని. ‘జస్ట్ బిగిన్స్ టు స్లైడ్’ అంటే ఘర్షణ పరిమితిని తాకిందని. ఇలాంటివన్నీ ఒక పేజీలో రాసుకుని, పక్కనే ఏ బాణం వేయాలో, ఏది వేయకూడదో గీసుకో. లెక్క తెలుగులోనే ఆలోచించు. జవాబు ఏ భాషలో ఆలోచించి పెట్టావో ఓఎమ్మార్ షీటు అడగదు.

ఇప్పుడు గ్రూపు. నీ ముందు నాలుగు దారులున్నాయి, ప్రతిదానికీ ఖర్చుంది.

రూమ్మేట్ చెప్పిన బైపీసీ దారి నీ భయానికి మందు కాదు. బైపీసీలోనూ ఫిజిక్స్ ఉంది, అందులోనూ ఈ బలాల పాఠమే ఉంది. నీట్‌లో 180 ప్రశ్నల్లో 45 ఫిజిక్సే. నీకు బాగా వచ్చే లెక్కలు వదిలేసి, నువ్వు పారిపోవాలనుకుంటున్న ఫిజిక్స్‌ని వెంట తీసుకెళ్లినట్టవుతుంది. నీకు జీవశాస్త్రం అంటే ప్రాణమైతే ఈ మాట వేరు, కానీ ఉత్తరంలో ఆ ఊసే లేదు.

ఎంఈసీకో సీఈసీకో వెళ్తే ఫిజిక్స్ నిజంగానే పోతుంది. ఎంఈసీలో లెక్కలు మిగులుతాయి, సీఏకి, ఎకనామిక్స్‌కి అది మంచి దారి. ఒక్కటి గుర్తుంచుకో. ఎంపీసీ పూర్తిచేసినవాళ్లు తర్వాత బీకామ్‌కి, లా కోర్సుకి, సీఏకి వెళ్లొచ్చు. ఎంఈసీ నుంచి ఇంజినీరింగ్‌కి మాత్రం తిరిగి రాలేవు. కామర్స్ దారి రేపు కూడా తెరిచే ఉంటుంది, ఇవాళే తొందరపడాల్సిన పని లేదు. అయినా మనసు అటే లాగుతుంటే, గ్రూపు మార్చుకోవడానికి ఈ ఏడాది గడువు ఎప్పటిదాకా ఉందో, కట్టిన ఫీజు ఏమవుతుందో ప్రిన్సిపల్ ఆఫీసులో ముందే కనుక్కో.

మూడోది, ఎంపీసీలోనే ఉండి జేఈఈ ఒత్తిడి తగ్గించుకోవడం. బోర్డు పరీక్షలు, ఎప్‌సెట్ మీద దృష్టి పెట్టొచ్చు. ఎప్‌సెట్‌లో 160 ప్రశ్నలకి 80 లెక్కలే, ఫిజిక్స్ 40, నెగెటివ్ మార్కులు లేవు. లెక్కలు బాగా వచ్చే నీకు ఇది అనుకూలం. నష్టమేమిటంటే ఎన్‌ఐటీ, ఐఐటీ ఆశని ప్రస్తుతానికి పక్కన పెట్టాలి, పై సెక్షన్ గురించి ఆలోచించకూడదు. కొందరికి అది పెద్ద ఊరట, కొందరికి లోపల ముల్లులా ఉంటుంది. నువ్వు ఎలాంటిదానివో నీకే తెలియాలి.

నాలుగోది, ఇప్పుడున్న చోటే ఉండి ఈ ఒక్క చాప్టర్‌ని మొదటి నుంచి కట్టుకోవడం. రోజూ స్టడీ అవర్లో కొంతసేపు జవాబులు తీయకుండా బొమ్మలే గీయాలి. దీనికి ధర ఏమిటంటే, క్లాసు ‘వర్క్, ఎనర్జీ’ పాఠానికి వెళ్లిపోతుంది, వీకెండ్ మార్కులు కొన్ని వారాలు ఇంకా కిందే ఉండొచ్చు. చూసేవాళ్లకి నువ్వు వెనకబడుతున్నట్టే కనిపిస్తుంది. అయినా నేనైతే దసరా సెలవుల దాకా ఈ దారినే పట్టి చూడమంటాను. వృత్తాకార చలనం, రొటేషన్, ద్రవాలు, వచ్చే ఏడాది విద్యుత్ ఆవేశాలు, అయస్కాంత క్షేత్రంలో తీగ మీద బలం, అన్నిటికీ ఈ బొమ్మే పునాది. దసరాకి బొమ్మలు వస్తున్నట్టు నీకు అనిపిస్తే మూడో దారో నాలుగో దారో అప్పుడు తేల్చుకో. ఇంత చేశాక కూడా బలాల పాఠం తెరవడమంటేనే అయిష్టంగా ఉంటే, గ్రూపు మాట మళ్లీ ఎత్తుదాం, అప్పుడు నేనూ వద్దనను. ఆలోగా గడువు ముగిసిపోయేలా ఉంటే మాత్రం ఈ నిర్ణయం నాన్నతో కూర్చుని తీసుకో, ఒక్కదానివే తీసుకోకు.

మీ లెక్చరర్ని కూడా వాడుకో. డౌట్స్ సెషన్‌కి వెళ్లి “అర్థం కాలేదు సార్” అంటే ఆయన లెక్క మొత్తం మళ్లీ చేసేస్తారు, నువ్వు మళ్లీ చూస్తూ కూర్చుంటావు. నీ బొమ్మ తీసుకెళ్లి, ఒక బాణం మీద వేలు పెట్టి, “ఇది ఇక్కడ ఉండాలా సార్?” అని అడుగు. నిమిషంలో తేలిపోతుంది.

నాన్నకి చెప్పడం గురించి. మార్కులు, సెక్షన్ వివరాలు చాలా కాలేజీలు ఇంటికి మెసేజ్ పంపుతాయి. మీ నాన్న ఆ సంగతి డ్యూటీలో ఉండగా ఫోన్‌లో చూసి తెలుసుకోవడం కన్నా నీ నోటి నుంచి వినడం మేలు. ముందు కోప్పడొచ్చు, అప్పు మాట ఎత్తొచ్చు. దానికి సిద్ధపడు. “సెక్షన్ మార్చారు నాన్నా, ఫిజిక్స్‌లో ఒక పాఠం దగ్గర ఆగిపోయాను, ఎక్కడ ఆగానో తెలిసింది, దసరాకి ఇంటికొచ్చేలోపు ఇది చేస్తున్నాను” అని చెప్పు. మార్కుల మీద మాట ఇవ్వకు, చేసే పని మీద ఇవ్వు. ఫోన్‌లో గొంతు పెగలదనిపిస్తే అమ్మకి ముందు చెప్పు, ఇద్దరూ కలిసి చెప్పండి. నాలుగు రోజులు ఆగి చెప్తానంటే ఆగొచ్చు, కానీ ఆ నాలుగు రోజులూ నీ నిద్ర ఆ మాట చుట్టూనే తిరుగుతుంది.

నిద్ర, ఏడుపు సంగతి తేలిగ్గా తీసుకోను. పదకొండు దాటాక పుస్తకం మూసెయ్. బొమ్మలు గీయడానికి తెరిపిగా ఉన్న బుర్ర కావాలి. మనసు మరీ బరువెక్కి, ఉండి ఏం లాభం అనే ఆలోచన ఒక్కసారి వచ్చినా సరే, వార్డెన్ దగ్గరికి వెళ్లి ఆ క్షణమే ఇంటికి ఫోన్ చేయించమను. మానసిక సాయం అందించే టెలి మానస్ నంబర్ 14416కి చేసినా తెలుగులో మాట్లాడతారు, డబ్బులు పడవు.

ఇవాళ స్టడీ అవర్లో మూడు బొమ్మలు గీయి, జవాబులు వద్దు. టేబుల్ మీద పుస్తకం, పైకి విసిరిన బంతి, గరుకు వాలుతలం మీద కదలకుండా ఉన్న బ్లాక్. బాణాలు వరుసగా రెండు, ఒకటి, మూడు రావాలి. ప్రతి బాణం పక్కనా ఇచ్చేవాళ్ల పేరు రాసి, ఆ పేజీ ఫొటో తీయించి నాకు పంపు. ఎక్కడైనా తేడా ఉంటే రాస్తాను.